బొండాం ఎక్కడికీ వెళ్లదు

పళ్ల డాక్టరు క్లినిక్ కోసం కుట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టిన ఆరు కర్టెన్లలో పైనున్నది తడిసింది. కోడలు చేత్తో తాకి చూసి, ఆ చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్లీ తనకి దూరంగా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. టైము ఎనిమిదిన్నర. పది గంటలకి క్లినిక్ మనిషి వస్తాడు.

"ఏమండీ! మళ్లీ పోసింది."

కొడుకు నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. కర్టెన్ చూశాడు, పెళ్లాం మొహం చూశాడు, సింకు దగ్గరికెళ్లి పుక్కిలించి వచ్చాడు.

"ఈ వారంలో ఇది మూడోసారి. ఇంక నావల్ల కాదు. వచ్చే నెలకల్లా ఈ పిల్లి ఇంట్లో ఉండకూడదు," అన్నాడు.

"ఉంటుంది," అంది వాళ్లమ్మ వంటింట్లోంచి.

గట్టిగా ఏమీ అనలేదు. కానీ ఆవిడ మామూలుగా మాట్లాడినా మూడు గదులకీ వినిపిస్తుంది. ముప్పై ఒక్కేళ్లు బస్ డిపోలో అనౌన్సరుగా చేసింది మరి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఎంత లేటో, ఎవరి పిల్లాడు తప్పిపోయి ఎంక్వయిరీ కౌంటర్ మీద కూర్చుని ఏడుస్తున్నాడో, అన్నీ ఆవిడ గొంతులోంచే ఊరికి తెలిసేవి. డ్రైవర్లు, కండక్టర్లు, పేపర్లమ్మేవాళ్లు అందరూ మైకమ్మ అనేవాళ్లు. రిటైరై పదమూడేళ్లయింది. మైకు పోయింది, పేరు ఉండిపోయింది.

పిల్లి పేరు బొండాం. గుండ్రటి తల, గుండ్రటి పొట్ట, నారింజ రంగు చారలు. అయిదేళ్ల కిందట కొడుకు కళ్లజోళ్ల షాపులో ఖాళీ డబ్బాల మధ్య దొరికితే చొక్కా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చింది ఆ కొడుకే. పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయించిందీ అతనే. అయిదేళ్లూ అది ముందుగదిలో కిటికీ కింద ఇసుక ట్రేలో తప్ప ఇంకెక్కడా తప్పు చేయలేదు.

రెండు నెలల కిందట కోడలికి ఆర్డర్లు పెరిగాయి. ముందుగదిలోకి రెండో కుట్టుమిషన్ వచ్చింది. దానికి చోటు కావాలని ఇసుక ట్రేని వెనక బాల్కనీలో, బట్టలుతికే మిషన్ పక్కకి జరిపారు. పిల్లినెవరు అడుగుతారు?

కొడుకు బొండాంని సోఫా కిందనుంచి లాగాడు. మెడ పట్టుకుని కర్టెన్ మీదికి వంచి, ముక్కు ఆ తడిలో రుద్దాడు.

"వాసన చూడు! ఇంకోసారి పోస్తావా? పోస్తావా?"

మైకమ్మ గరిటె పట్టుకునే వచ్చింది.

"వదులు."

"అమ్మా, పైవాటా ఆవిడ చెప్పింది, ఇలా చేస్తేనే బుద్ధొస్తుందిట."

"ఏడేళ్లొచ్చేదాకా పరుపు తడిపావు నువ్వు. నీ ముక్కు నేనెక్కడ రుద్దానో చెప్పు."

కోడలికి ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. కొడుకు పిల్లిని వదిలేశాడు. అది నేలకి అంటుకుపోయినట్టు పాక్కుంటూ వెళ్లి బాత్రూంలో దూరింది.

"అది కావాలనే చేస్తోందమ్మా. మొన్న దాన్ని మిషన్ మీంచి తోసేశానని నామీద కక్ష. లేకపోతే సరిగ్గా కొత్త బట్ట చూసుకుని ఎందుకు పోస్తుంది?"

"కక్షట! నీమీద కక్ష పెట్టుకోవాలంటే నీ షాపుకొచ్చి పోస్తుంది. దానికేదో అయింది."

"ఏమయింది? తింటోంది, పడుకుంటోంది."

ఏమయిందో ఆవిడకీ తెలీదు. అందుకని ఆ పూటంతా దాని వెనకే తిరిగింది. బస్సుల టైములు ముప్పై ఏళ్లు నోటికి పట్టిన మనిషికి పిల్లి రాకపోకలు ఒక లెక్కా? పదకొండూ పదికి బాల్కనీలోకి వెళ్లింది, బట్టల మిషన్ గిర్రున తిరగడం మొదలెట్టగానే ట్రేలోంచి ఎగిరి బయటపడింది. పదకొండూ పాతికకి బాత్రూంలో చల్లటి నేల మీద కూర్చుంది, చెంచాడు పడింది. పదకొండూ నలభైకి మళ్లీ. కూర్చున్నంతసేపూ వీపు వంచి, కళ్లు మూసుకుని, గొంతులో సన్నగా మూలిగింది. లేచాక అక్కడే కూర్చుని అదే పనిగా నాక్కుంది. మధ్యాహ్నం కోడలు పక్కన పడేసిన తెల్ల లైనింగు ముక్క మీద పోస్తే మైకమ్మ దాన్ని వెలుతురులోకి పట్టుకెళ్లి చూసింది. పసుపు రంగు మధ్యలో గులాబీ మరక.

షాపుకి ఫోన్ చేసింది.

"నెత్తురు పడుతోంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. వస్తావా?"

"అమ్మా, షాపు నిండా జనం. రేపు చూద్దాం."

"నేను తీసుకెళ్తున్నానని చెప్పడానికి చేశాను," అని పెట్టేసింది.

జిప్పున్న ప్రయాణం సంచీలో తువ్వాలు పరిచి, పిల్లిని దించి, తల బయటికి రానిచ్చి, రెండు బస్సులు మారి వెళ్లింది. మొదటి బస్సులో కండక్టరు కుర్రాడు పిల్లిని ఎక్కనివ్వనన్నాడు. "ఎక్కించకూడదని ఏ రూలులో ఉందో చూపించు," అందావిడ. బస్సంతా తిరిగి చూసింది. అతనికి రూలు దొరికేలోపు రెండు స్టాపులు దాటిపోయాయి.

జంతువుల ఆస్పత్రిలో డాక్టరమ్మది చిన్న వయసే. బొండాం పొట్ట నెమ్మదిగా నొక్కి చూసింది, స్కానింగు చేసింది, మూత్రం కాస్త తీసి పరీక్షకి పంపింది. ఫలితం వచ్చాక కుర్చీ లాక్కుని మైకమ్మ ఎదురుగా కూర్చుంది.

"మూత్రపు సంచి లోపలంతా వాచి పుండులా ఉందమ్మా. మూత్రంలో సన్నటి పలుకులు కూడా ఉన్నాయి. పోసినప్పుడల్లా మండుతుంది. ట్రేలో కూర్చుంటే నొప్పి పుట్టింది కాబట్టి ఆ నొప్పి ట్రేదే అనుకుంటుంది. మెత్తటి బట్టో చల్లటి నేలో చూసుకుని అక్కడ ప్రయత్నిస్తుంది."

"మావాడు కక్ష అంటున్నాడు."

"కక్షలూ గిక్షలూ వీటికి తెలీవు. నొప్పీ భయమే తెలుసు. ఇంట్లో ఈమధ్య ఏమైనా మారిందా?"

మైకమ్మ కొత్త మిషన్ సంగతీ, ట్రే జరిపిన సంగతీ చెప్పింది. డాక్టరమ్మ తల ఊపింది.

"ట్రే మళ్లీ చప్పుడు లేని చోటికి తెచ్చెయ్యండి. ఒకటి కాదు, రెండు పెట్టండి. పొడి మేత తగ్గించి తడి మేత ఇవ్వండి, నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి. నీళ్లు ఎంత తాగితే అంత మంచిది. పోసినచోట ఫినాయిల్ వద్దు, అది పిల్లికి మంచిది కాదు. వాసన పూర్తిగా విరిచే మందు వేరే ఉంది, రాసిస్తాను. వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వెళ్తుంది. కొట్టడం, ముక్కు రుద్దడం అసలు వద్దు. భయపడితే ఇంకా ఎక్కువవుతుంది."

"ఇవన్నీ చేస్తే తగ్గుతుందా?"

"చాలావరకు తగ్గుతుంది. కానీ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మగపిల్లికి మూత్రం దారి చాలా సన్నం. ఎప్పుడైనా పదేపదే ట్రేలోకి వెళ్లి, ముక్కి, ఒక్క చుక్క కూడా రాకపోతే రేపు చూద్దాం అనుకోకండి. దారి మూసుకుపోయిందన్నమాట. ఆ క్షణమే తీసుకొచ్చెయ్యాలి. ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది."

ఇంటికొస్తూనే మైకమ్మ కొంగు బిగించి ట్రేని బాల్కనీలోంచి మోసుకొచ్చి హాల్లో చెప్పుల స్టాండు పక్కన పెట్టింది. దారిలో కొన్న రెండోది తన మంచం కింద. సాయంత్రం కొడుకు వచ్చి తలుపు తియ్యగానే కాలు ఇసుకలో పడింది.

"గుమ్మంలోనా అమ్మా? వచ్చిన వాళ్లు ఏమనుకుంటారు?"

"పిల్లి ఉన్న ఇల్లు అనుకుంటారు."

"ఇల్లు నాదా దానిదా?"

"నీదే. అద్దాలు లేకుండా అక్షరం కనపడని వాళ్లకి అద్దాలు అమ్ముతావే, అలాగే అనుకో. దానికి ఆ ట్రే అక్కడ లేకపోతే కుదరదు. అంతే."

మర్నాడు కోడలు కొత్త మిషన్ కాళ్లకింద మందపాటి ఫోమ్ ముక్కలు పెట్టింది. కట్ చేసిన బట్టలన్నీ మూతున్న పెట్టెలో సర్దింది. "ఇది మాత్రం మనం ముందే చెయ్యాల్సింది అత్తయ్యా," అంది.

మందులు వేశారు. తడి మేత పెట్టారు. వారం తిరిగేసరికి మూలుగు ఆగింది. రెండో వారం బొండాం దర్జాగా చెప్పుల పక్కన కూర్చుని, పని కానిచ్చి, ఇసుక కప్పి, తోక ఎత్తుకుని నడిచింది. కొడుకు కూడా ఆ రోజు దాని తల నిమిరాడు, ఎవరూ చూడట్లేదనుకుని.

ఆ తర్వాత గురువారం కుర్చీ తడిసింది.

హాల్లో టీవీ ఎదురుగా దిండు వేసిన కుర్చీ అది. పగలు మైకమ్మ కూర్చుంటుంది, ఆవిడ లేచాక బొండాం ఎక్కి పడుకుంటుంది. కొడుకు ఎవరో బంధువుల ఇంటికెళ్లడానికి తెల్ల ప్యాంటు వేసుకుని తయారై, సాక్సులు వేసుకోవడానికి అందులో కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచాడు.

"చూశావా? చూశావా నీ బొండాం చేసిన పని! ట్రేలు రెండు, గిన్నెలు మూడు, మందులు, మాకులు! అయినా బుద్ధి పోనిచ్చుకుందా?"

మైకమ్మ నోరు తెరిచింది. నోరు మూసేసింది.

ఎందుకంటే ఆ తడి పిల్లిది కాదు. గంట కిందట ఆ కుర్చీలో కూర్చుని ఉండగా దగ్గు తెర వచ్చింది. దగ్గులో పొట్ట బిగిసింది, కింద వెచ్చగా తెలిసింది. లేచి చీర మార్చుకుంది. దిండు తిరగేసింది. ఎండకి పెడదామనుకుంటుండగా కోడలు లోపలికి పిలిచింది, మరిచిపోయింది. అదే మొదటిసారి కూడా కాదు. ఏడెనిమిది నెలలుగా దగ్గినా తుమ్మినా, నీళ్ల బిందె ఎత్తినా ఇదే తంతు. లోపలి బట్టలు తనే ఉతుక్కుంటోంది, తన మంచం కిందే ఆరేసుకుంటోంది. ఆ వాసన కూడా ఈ రెండు నెలలూ పిల్లి ఖాతాలోనే కలిసిపోయింది.

బొండాం వచ్చి దిండు వాసన చూసి, తనది కాదని తేల్చుకుని వెళ్లిపోయింది. దాన్నెవరూ సాక్ష్యం అడగలేదు.

కొడుకు అప్పటికప్పుడే ఫోన్ తీశాడు. షాపుకి ఫ్రేములు సరఫరా చేసే అతనికి ఊరవతల గోడౌన్ ఉంది, అందులో ఎలుకలున్నాయి. పిల్లి కావాలని చాలా రోజులుగా అడుగుతున్నాడు. ఆదివారం పొద్దున్న వచ్చి తీసుకెళ్తానన్నాడు.

మైకమ్మ గురువారం, శుక్రవారం, శనివారం మాట్లాడలేదు. కోడలు జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది. ఆవిడకి జ్వరం లేదు. సిగ్గు ఉంది, ఆ సిగ్గు మీద తనకే కోపం ఉంది. ఊరందరికీ వినపడేలా మాట్లాడిన నేను, నోరు లేని దాని మీద నా తప్పు తోసి కూర్చున్నానా అని తనని తానే తిట్టుకుంది. చెబుదామని రెండుసార్లు కొడుకు గది గుమ్మం దాకా వెళ్లింది. ఏ మాటతో మొదలెట్టాలో తెలీక వెనక్కి వచ్చింది.

ఆదివారం పది గంటలకి గోడౌన్ అతను తీగల పెట్టె పట్టుకుని వచ్చాడు. మర్యాదస్థుడు. చెప్పులు బయటే విప్పి, "నమస్కారం అమ్మా, దానికి అక్కడ ఏ లోటూ రానివ్వను," అన్నాడు. పైవాటా ఆవిడ కూడా వేడుక చూడ్డానికన్నట్టు మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది. కొడుకు "ఎక్కడుందది?" అంటూ లేచాడు.

మైకమ్మ అతనికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఆ కుర్చీ తడిపింది బొండాం కాదు. నేను."

గదిలో అందరికీ, గుమ్మంలో ఉన్నావిడకీ, బహుశా కింది వాటా వాళ్లకీ వినపడింది.

"అమ్మా, నువ్వు ఊరుకో..." అన్నాడు కొడుకు, ఎర్రబడుతూ.

"మూడురోజులు ఊరుకున్నాను, చాలు. దగ్గు వస్తే పడిపోతోంది. నెలల నుంచి ఇంతే. నీకు చెప్పుకోలేక పిల్లి మీదికి పోనిచ్చాను. తప్పు నాది. ఇల్లు తడిపిన వాళ్లని గోడౌన్‌కి పంపాలంటే ఆ పెట్టె నాకు చాలదు, ఇంకాస్త పెద్దది తెమ్మను."

గోడౌన్ అతను పెట్టె కింద పెట్టేసి గోడకేసి చూడసాగాడు. పైవాటా ఆవిడ "అయ్యో, ఇదేం మాట పెద్దమ్మగారూ, మగవాళ్ల ముందు!" అంది.

"మగవాళ్లేం, వాళ్లు పొయ్యరా?"

కోడలు వచ్చి అత్తగారి చెయ్యి పట్టుకుంది. కొడుకు వెళ్లి అదే కుర్చీలో కూర్చున్నాడు.

అప్పుడు కోడలు ఉన్నట్టుండి అంది: "అత్తయ్యా, బొండాం పొద్దున్నించి ట్రేలోనే ఉంది. నేను మూడుసార్లు చూశాను. మీరు ముందే బాధలో ఉన్నారని చెప్పలేదు."

అందరూ అటు తిరిగారు. చెప్పుల స్టాండు పక్కన బొండాం వీపు వంచి కూర్చుని ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కొత్తవాళ్లొచ్చారని పారిపోలేదు, కనీసం తల కూడా తిప్పలేదు. మైకమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఇసుకలో చెయ్యి పెట్టి కెలికింది. పొడి. ఈ మూల నుంచి ఆ మూల దాకా పొడి. పొట్ట మీద చెయ్యి వెయ్యగానే పిల్లి ఎప్పుడూ అరవనట్టు అరిచింది.

"దారి మూసుకుపోయింది. డాక్టరమ్మ చెప్పింది ఇదే. పద, లే!"

"ఆదివారం కదమ్మా, రేపు..."

"రేపటికి ఉండదురా!"

తీసుకెళ్లిపోవడానికి తెచ్చిన పెట్టెలోనే దాన్ని పెట్టారు. పెట్టె తెచ్చిన అతని వ్యానే వాకిట్లో ఉంది, అతనే తాళాలు తీసి, "ఎక్కండమ్మా, ఎటో చెప్పండి," అన్నాడు. కోడలు దారిలోనే ఆస్పత్రికి ఫోన్ చేసింది. కొడుకు వెనక సీట్లో పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బొండాం దారిలో ఒకసారి వాంతి చేసుకుంది, అతని ప్యాంటు మీదే. అతను తుడుచుకోలేదు.

డాక్టరమ్మ పొట్ట తాకిచూసి, "గట్టిగా బంతిలా ఉంది," అని లోపలికి తీసుకెళ్లబోతూ ఆగింది. "ఎప్పట్నించి ముక్కుతోంది?"

కొడుకే చెప్పాడు: "పొద్దున్నించిట. మేము... దీన్ని పంపించెయ్యడానికి మనిషి వస్తాడని ఎదురుచూస్తూ కూర్చున్నాం."

మత్తు ఇచ్చి, సన్నటి గొట్టం పెట్టి, అడ్డుపడ్డ పలుకుల్ని కడిగారు. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా తల్లీ కొడుకూ ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చున్నారు. గోడౌన్ అతను కూడా వెళ్లిపోకుండా వ్యాను తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు. కోడలు నీళ్ల సీసా తేవడానికి వెళ్లినప్పుడు కొడుకు నేలకేసి చూస్తూ అడిగాడు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు దాని ముక్కు రుద్దడం చూశాక చెప్పమంటావా?"

అతను కళ్లజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడుస్తూ ఉండిపోయాడు. ఆవిడ ఓదార్చలేదు. తర్వాత మాత్రం అతని ప్యాంటు మీది మరక తన తడి రుమాలుతో తుడిచింది.

బొండాం మూడు రోజులు ఆస్పత్రిలో ఉంది. నాలుగో రోజు ముందుకాలి మీద బొచ్చు గొరిగిన గుర్తుతో, నాక్కోకుండా మెడలో వేసిన ప్లాస్టిక్ గరాటుతో ఇంటికొచ్చింది. తెచ్చింది కొడుకే, షాపు మూసేసి. మందుల టైములు అతనే చూసుకుంటున్నాడు. డాక్టరమ్మ ఇచ్చిన ప్రత్యేకమైన మేత తప్ప ఇంకేం పెట్టనివ్వడం లేదు, వాళ్లమ్మని కూడా. గోడౌన్ అతను ఎలుకల కోసం బోను కొనుక్కున్నాడు. ఆ ఇల్లు అద్దంలా మెరుస్తోందని చెప్పలేం. ఏ చుట్టాలో వచ్చి పెద్దగా మాట్లాడిన రోజున బొండాం ఒక్కోసారి బాత్రూం నేల మీద పోస్తూనే ఉంది. తుడుస్తున్నారు.

తర్వాతి వారం కోడలు అత్తగారిని ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. కౌంటర్లో అమ్మాయి చుట్టూ చూసి, ముందుకు వంగి, "సమస్య ఏంటండీ?" అని గుసగుసగా అడిగింది. మైకమ్మ దాచలేదు. డాక్టరు పరీక్ష చేసి, ఈ వయసులో చాలామందికి ఉండేదే, కండరాలు వదులవడం వల్ల అని చెప్పింది. రోజూ చెయ్యాల్సిన కసరత్తులు చూపించింది, మూడు నెలల తర్వాత రమ్మంది, తగ్గకపోతే వేరే దారులున్నాయంది.

"ఇన్నాళ్లూ ఎందుకు ఓర్చుకున్నారు?" అని అడిగింది.

"ఓర్చుకోలేదు, దాచుకున్నాను. రెండూ ఒకటి కాదు," అంది మైకమ్మ.

డాక్టరు చీటీ రాయబోతోంది. కోడలు కుర్చీ అంచున కూర్చుని చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది.

"అత్తయ్యా," అంది, డాక్టరుకేసి కాకుండా అత్తగారికేసి చూస్తూ. "నాకూ ఉంది. పాప పుట్టినప్పటినించీ. మిషన్ జరిపినప్పుడల్లా."

పాప ఇప్పుడు కాలేజీ హాస్టల్లో ఉంది. అంటే పద్దెనిమిదేళ్లు. మైకమ్మ కోడలి మొహంలోకి చూసింది. తిట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండూ చెయ్యకుండా తన కుర్చీలోంచి లేచింది.

"ఇటు రా. నువ్విక్కడ కూర్చుని చెప్పు. మొదటినించీ చెప్పు," అంది. "డాక్టరుగారూ, ఆ చీటీ కాస్త ఆపండి. రెండు రాద్దురుగాని."